వారానికో రాత్రి పులి–మేక ఆడుదాం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు ఏ ఊరు చూసినా రాత్రి అన్నం తిన్నాక ఎవరి ఫోన్‌లో వాళ్లే. పైసల ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణలో 2017లోనే నిషేధించిండ్రు. అయినా ఆట మీది మనసు పోతదా?

అందుకే నేననేది, వారానికి ఒక రాత్రి నలుగురు దోస్తులను ఇంటికి పిలువుండ్రి. అరుగు మీద సుద్దతో పులి–మేక గీయుండ్రి. 3 పులులకు గులకరాళ్లు, 15 మేకలకు చింతగింజలు చాలు. ఇంట్లోవాళ్లు కూసుంటే 4 గవ్వలతో అష్టాచెమ్మ. పందెం వద్దు, మందు వద్దు, చాయ్ చాలు.

"పనులతోని టైమెక్కడిది" అంటరా? ఎప్పుడడిగినా "మంచిగున్న" అనేటోడు, ఆట నడుమ అప్పు సంగతి చెప్తడు. నలుగురికి తెలిస్తే దారి దొరుకుతది. వెనక ఇంకో మేక ఉంటే పులి దూకలేదు. ఒంటి మేకనే తింటది.