చామనచాయకు ఏ కాగితం?

వార్షికోత్సవానికి జరిగే చిత్రలేఖన పోటీలో బొమ్మలు చూసి మార్కులు వేయడానికి పూర్వ విద్యార్థులమైన మమ్మల్ని పిలవడం మన హాస్టల్లో ఆనవాయితీ. మాలో ఒకరు డ్రాయింగ్ మాస్టారు. ఇద్దరు సైన్ బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక కంప్యూటర్ ముందుకు మారినవాళ్ళు. అందరమూ ఈ మెస్సులో అన్నం తిని, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్ళమే. చదువు గురించి, క్రమశిక్షణ గురించి ఈ సంచికలో పెద్దలు ఎలాగూ రాస్తారు. మేము మాకు తెలిసిన పాస్టెల్ బొమ్మల గురించి, అందులోనూ ముఖం వెనుక వేసే రంగు గురించి రాస్తున్నాము. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని తమ్ముళ్ళు నవ్వవచ్చు. కానీ కారణం ఉంది.

ఒకసారి పోటీకి "మా అమ్మ" అనే అంశం ఇచ్చారు. ఏడో తరగతి తమ్ముడు ఒకడు మిరపకాయలు కోస్తున్న తల్లిని వేశాడు. ఆ చేతులు చూసి మేము చాలాసేపు అక్కడే నిలబడిపోయాము. ముదురు గోధుమ రంగు, వేళ్ళ కణుపుల దగ్గర ఇంకా ముదురు, గాజుల కింద కాస్త లేత. అచ్చంగా మన ఇళ్ళలోని చేతులు. ముఖం మాత్రం లేత గులాబీ రంగు! వెనుక ఆకాశనీలం. అదేమిటిరా అని అడిగితే, "చేతులు చూసి వేశానన్నా. ముఖానికి స్కిన్ కలర్ వేయాలి కదా" అన్నాడు.

స్కిన్ కలర్ అంటే పెట్టెలోని ఆ లేత గులాబీ ముక్క అని మన పిల్లలందరికీ తెలుసు. ఎవరి స్కిన్ అని ఎవరూ అడగరు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఇలాంటి రంగుకే 'ఫ్లెష్' అని పేరు పెట్టి, 1962లో దాన్ని 'పీచ్' అని మార్చుకుంది. మన దగ్గర పెట్టె మీద ఏ పేరు ఉన్నా నోటిలో పేరు మారలేదు. చామనచాయ అనే చక్కని మాట తెలుగులో ఉంది గానీ, ఆ పేరుతో రంగు ముక్కను పిలిచిన పిల్లవాణ్ణి మేము చూడలేదు. "నల్లగా ఉన్నా కళగా ఉంది" అంటారు పెద్దవాళ్ళు. ఆ 'ఉన్నా' అనే మాటలోనే ఉంది గొడవంతా.

అయితే తప్పంతా ఆ గులాబీ ముక్కదే అని మేము అనుకోవడం లేదు. అందులో సగం తెల్ల షీటుది. నమ్మకం లేకపోతే చేసి చూడండి. ఒకే గోధుమ రంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకదాన్ని తెల్ల షీటు మీద, ఇంకొకదాన్ని నల్ల షీటు మీద పెట్టండి. తెల్లదాని మీది ముక్క ముదురుగా, నల్లదాని మీది ముక్క లేతగా కనిపిస్తుంది. ఫ్రాన్సులో గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఇదే చిక్కు వచ్చింది. నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన ఉన్న రంగుల వల్ల అలా కనిపిస్తోంది. ఆయన ఈ సంగతి మీద 1839లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

మన పిల్లవాడు తెల్ల షీటు మీద అమ్మ ముఖానికి ఉన్న రంగే మొదలుపెడతాడు. చుట్టూ తెలుపు ఉండడం వల్ల అది ఉన్నదానికంటే నల్లగా కనిపించి భయపడతాడు. వెంటనే తెలుపు రుద్దుతాడు, తరువాత గులాబీ. బ్యాక్‌గ్రౌండ్ చివర్లో, టైము అయిపోతుంటే, నీలం గీకి ఇచ్చేస్తాడు. మేము అనేది ఏమిటంటే ఈ వరుస తిరగబడాలి. ముందు వెనుక రంగు, తరువాతే ముఖం.

అందుకు ఖరీదైన రంగు షీట్లు అక్కరలేదు. నోటు పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపరు చాలు. తెల్ల షీటు మీద ముఖమంతా నింపాలి. బ్రౌన్ పేపరు మీద కాగితమే ముఖానికి మధ్య రంగు. నుదురు, ముక్కు దూలం, చెంప మీద వెలుగు పడే చోట పసుపు మట్టి రంగు, కొంచెం నారింజ. కంటి గుంట, దవడ కింద ముదురు గోధుమ, మెరూన్, కాస్త ముదురు నీలం. నీడకు నలుపు వాడితే మసి పూసినట్టు ఉంటుంది. నల్లని చర్మం మీద మెరుపు గులాబీగా ఉండదు. బయట నిలబడితే ఆకాశం రంగు, హాస్టల్ గదిలో ట్యూబ్‌లైటు రంగు ఆ మెరుపులో కనిపిస్తాయి. పక్క మంచం మీది స్నేహితుణ్ణి కూర్చోబెట్టి చూడండి. మిగిలిన కాగితాన్ని ముట్టుకోకండి. అది చర్మమై పోతుంది.

అలాగని బ్యాక్‌గ్రౌండ్ ఎప్పుడూ ముదురుగానే ఉండాలని కాదు. పూర్తిగా నల్లటి షీటు మీద మన పిల్లల తల వెంట్రుకలు మాయమైపోతాయి. అప్పుడు వెనుక ముదురు ఆకుపచ్చో నీలమో కొంచెం వేసి, కొబ్బరినూనె మెరుపును లేత నీలంతో రెండు గీతలు గీస్తే తల మళ్ళీ వస్తుంది. పాత చిత్రకారులు పాటించిన పద్ధతి ఒకటుంది. ముఖంలో వెలుగు ఉన్న వైపు వెనుక ముదురు రంగు, నీడ ఉన్న వైపు వెనుక లేత రంగు. ఒకే బొమ్మలో రెండూ ఉంటాయన్నమాట.

లేత బ్యాక్‌గ్రౌండుతో గొప్ప బొమ్మలు లేకపోలేదు. లియోటార్ సుమారు 1744లో వేసిన 'చాకొలెట్ పిల్ల' జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. ట్రే పట్టుకుని నడుస్తున్న పనిమనిషి, వెనుక దాదాపు ఖాళీ గోడ. చేతిలోని గాజు గ్లాసుతో సహా అంతా పాస్టెలే. ఇక షార్దిన్ అనే ఆయన వడ్రంగి కొడుకు. ముసలితనంలో చూపు దెబ్బతిని, నూనె రంగులు పడక పాస్టెల్స్ పట్టుకున్నాడు. 1771లో, 1775లో తన ముఖాన్ని తానే వేసుకున్నాడు. కళ్ళజోడు, తలగుడ్డ, వెనుక మసక గోధుమ చీకటి. ముసలి చర్మాన్ని ఎక్కడా నునుపు చేయలేదు. ఆ బొమ్మలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ళు ఎదురుగా ఉన్న ముఖానికి తగిన వెనుక రంగు వెతుక్కున్నారు. మన ముఖాలకు మనం వెతుక్కోవద్దా? మనవారిలో తోట వైకుంఠం గారి బొమ్మలు చూడండి. పాస్టెల్స్ కావు గానీ, ముదురు రంగు ఒళ్ళు, నిండు రంగుల చీరలు, పెద్ద బొట్టు. ఆ తెలంగాణ ఆడవాళ్ళు ఎవరికీ క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉండరు.

ఏప్రిల్ 14 వచ్చిందంటే హాస్టల్లో అందరూ బాబాసాహెబ్ బొమ్మ వేస్తారు. నీలం కోటు, వెనుక మళ్ళీ ఆకాశనీలం, ముఖం గులాబీ. కోటు వెనుక రంగులో కలిసిపోతుంది. నీలానికి ఎదురు రంగు నారింజ అని షెవ్రూల్ రంగుల చక్రంలో ఉంది. గోధుమ రంగు ముదురు నారింజే కదా. అదే బ్రౌన్ పేపరు మీద నీలం కోటు వేస్తే ఎంత నీలంగా లేచి నిలబడుతుందో వేసినవాళ్ళకే తెలుస్తుంది.

కొందరు మిత్రులు, "పిల్లల బొమ్మల్లో కూడా రంగు గొడవ ఎందుకన్నా, ముద్దుగా ఉంటే చాలదా" అంటున్నారు. ముద్దుగా ఉండాలనే మేమూ అంటున్నాము. అయితే తెల్లబరిచిన ముఖానికి "నీట్‌గా ఉంది" అని ఎక్కువ మార్కులు, ఉన్న రంగు వేసినవాడికి "డల్‌గా ఉంది" అని తక్కువ మార్కులు పడడం మేము చాలా పోటీల్లో చూశాము. పదకొండేళ్ళ పిల్లవాడికి ఆ మార్కులు బొమ్మకు పడ్డాయో అమ్మకు పడ్డాయో ఎలా తెలుస్తుంది?

కనుక వార్డెన్ గారికి, పోటీల కమిటీకి మా మనవి. "తెల్ల డ్రాయింగ్ షీటు మాత్రమే" అన్న నిబంధన తీసేయండి. వచ్చే పోటీకి ఇరవై బ్రౌన్ షీట్లు, పది నల్ల షీట్లు మేము తెస్తాము. ముఖం వేసే అంశమైతే ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టండి. వంటమనిషి పెద్దమ్మను అడిగితే కాదనదు, కాకపోతే టిఫిన్ అయ్యాక అడగాలి.

తమ్ముళ్ళకు ఒక జాగ్రత్త. ఆయిల్ పాస్టెల్స్ నూనె బ్రౌన్ పేపరులో దిగి వెనక్కి వస్తుంది, కింద ఇంకో షీటు పెట్టుకోండి. చాక్ పాస్టెల్స్ అయితే చెయ్యి తగిలితే పోతుంది. ఫిక్సెటివ్ కొడితే లేత రంగులు కొంచెం ముదురు తిరుగుతాయి, వెలుగు చోట్ల ముందే ఒక పాలు ఎక్కువ వేసుకోవాలి. బొమ్మను ట్రంకు పెట్టెలో పెట్టేటప్పుడు పైన బటర్ పేపరు వేయండి.