వేషము కట్టుట దోషమా?

శిశువిద్యాబోధన నేర్చు విద్యార్థినులచేత తరగతిలో వేషములు కట్టించుట పరిహాసాస్పదమనియు, ఇరువదేండ్ల యువతి మూడేండ్ల బిడ్డవలె నేలఁబడి యేడ్చుట విద్యకే యవమానమనియు కొందఱు పెద్దలు వాదించుచున్నారు. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున రంగమెక్కఁగా ఆంధ్రలోకము జేజేలు పలికినది. 1956లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చినది. పురుషుఁడు సత్యభామ యగుట కళ. పంతులమ్మ కాఁబోవు యువతి క్షణకాలము శిశువగుట వెఱ్ఱియా? ఈ న్యాయము మాకు బోధపడకున్నది. మన యిండ్లలో బాలికలు గుజ్జనగూళ్లు వండి, బొమ్మల పెండ్లిలో వియ్యపురాలి యలుకలు సైతము నటింపఁగా చూచి ముచ్చటపడువారమే గదా!

శిశుమనస్తత్త్వమును పుటలకొలఁది వల్లించి పరీక్షలో నెగ్గిన విద్యార్థిని మొదటి దినమున బడిలో నడుగు పెట్టును. తల్లికొంగు వదలని బిడ్డ యొకఁడు కెవ్వు మనును. తక్కిన యిరువదిమందియు నందుకొందురు. అప్పు డామెకు ఫ్రోబెల్ పండితుఁడు జ్ఞప్తికి రాఁడు. చిన్ననాఁడు తన్ను కొట్టిన పంతులు జ్ఞప్తికి వచ్చును. చేయి బెత్తమునకై వెదకును. ఇది మేము కన్నులార చూచిన సంగతి.

ఒకతె తల్లి, ఒకతె బిడ్డ, ఒకతె పంతులమ్మ. కొంతసేపటికి పాత్రలు మార్చవలెను. కూలివేళ మించుచున్న తల్లిని "ఇంత యాలస్యమా?" యని గద్దించిన నోరే, తాను తల్లియై యా మాట పడినప్పుడుగాని దాని వాఁడి యెఱుఁగదు. ఇంతకంటె ముఖ్యమైనది భాష. తాండానుండి వచ్చు శిశువు లంబాడీ పలుకు పలుకును. గూడెపు బిడ్డ కోయపలుకు. ఆ భాష వచ్చిన విద్యార్థినిని పంతులమ్మగా నిలిపి, తెలుఁగు మాత్రమే యెఱిఁగినవారిని పిల్లలుగా కూర్చుండఁబెట్టుఁడు. అరగడియ యామె యాజ్ఞలకు తెల్లబోయి చూచినవారికి, పిమ్మట నే బిడ్డనైనను మందబుద్ధి యనుటకు నోరాడదు.

పెద్దలు నటించు శిశువు నిజమైన శిశువు కాఁడు. అల్లరిని పెంచి నవ్వించుటయుఁ గలదు. ఒప్పుకొందుము. కావుననే వేషము ముగిసినతోడనే ప్రశ్న యుండవలెను: ఏ మాటకు నీ యేడ్పు హెచ్చినది? ఏ మాటకు తగ్గినది? ఈ విచారణ లేనిచో అది వట్టి పగటివేషమే.

2020 నాఁటి జాతీయ విద్యావిధానము ఇంటర్మీడియట్ చదివిన అంగన్వాడీ పంతులమ్మలకు 6 నెలలును, తక్కువ చదివినవారికి 1 సంవత్సరమును శిక్షణ విధించి, దానిని టెలివిజను, స్మార్టుఫోను మూలమున నడపవచ్చు ననినది. నెల కొకమాఱైనను ముఖాముఖి తరగతి యుండవలె ననినది. ఆ యొక్క దినమునఁ గూడ నుపన్యాసమే వినిపింతురేని, ఫోను చేసిన పనినే మనుష్యుఁడు మరల చేసినట్లగును. ఆ దినమున బల్లలు గోడకు జరిపి, చాపలు పఱపించి, వేషము కట్టింపుఁడు. ఆక్షేపించు పెద్దలలో నెవరైనను వత్తురేని, శిశువు వంతు మొదట వారికే యిత్తుము.