మన మాట: ఆటకూ పాటకూ ఒకే కప్పు

జర్మనీలో హాలె అనే ఊళ్లు ఒకటికి మించి ఉన్నాయి. సంగీతకర్త హెండెల్ 1685లో పుట్టిన హాలె తూర్పున జాలె నది ఒడ్డున ఉన్న పెద్ద నగరం. మనం చెప్పుకోబోయేది వెస్ట్‌ఫాలియాలో, బీలెఫెల్ట్ పక్కనున్న చిన్న హాలె. రైలు టిక్కెట్టు కొనే సభ్యులు ఈ తేడా గమనించగలరు.

ఈ చిన్న హాలె జనాభా ఇరవై వేల పైచిలుకు. ఊళ్లోని క్రీడాప్రాంగణంలో సుమారు పన్నెండు వేల మంది కూర్చోవచ్చు. అంటే సగం ఊరు లేచి వచ్చినా ఇంకా కుర్చీలు మిగులుతాయి! 1973లో ఇక్కడే మొదలైన గెరీ వేబర్ దుస్తుల కంపెనీ పేరుతో 1993లో పచ్చిక మీద టెన్నిస్ పోటీలు ప్రారంభమయ్యాయి. జూన్ వానలకు ఆట ఆగిపోకుండా 1994లో కప్పు వేశారు. అది 88 సెకన్లలో మూసుకుంటుంది. ఫెడరర్ ఇక్కడ పదిసార్లు గెలిచాడు. ఊళ్లో ఒక వీధికి ఆయన పేరు కూడా పెట్టారు. 2011లో మన బోపన్న, పాకిస్తాన్ ఆటగాడు ఖురేషీ జంటగా డబుల్స్ గెలిచింది కూడా ఇక్కడే.

అయితే టెన్నిస్ ఏడాదికి ఒక్క వారం. మిగతా వారాల మాటేమిటి? 2007 ప్రపంచ హ్యాండ్‌బాల్ పోటీల్లో కొన్ని ఆటలు ఇక్కడ జరిగాయి. వాలీబాల్ కప్పు ఫైనల్స్, బాక్సింగ్, సంగీత కచేరీలు, టెలివిజన్ కార్యక్రమాలు కూడా జరిగాయి. 2019లో ఆ దుస్తుల కంపెనీ దివాలా రక్షణ కోరింది. తర్వాత ప్రాంగణానికి ఆ ప్రాంతం పేరు మీదుగా ఓ.వె.ఎల్. అరేనా అని పేరు వచ్చింది. పేరు పోయినా తలుపులు మూతపడలేదు. పదిమందికి పనికొచ్చే కప్పును ఒక్కరి కష్టం కూల్చలేదని మాకు తోస్తుంది.

ఈ సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, మన సంఘాల్లో "సొంత భవనం" మాట తరచు వినిపిస్తోంది. కోరిక మంచిదే. పూజకు ఒక చోటు, మన వంటకు ఒక వంటిల్లు ఎవరికి అక్కరలేదు? కాని ఉగాది, దసరా, దీపావళి, సంక్రాంతి కలిపితే నాలుగు రోజులు. మిగతా 361 రోజుల అద్దె, వేడి, మరమ్మతులు ఎవరు భరిస్తారు? పిల్లల తెలుగు తరగతికి కావలసింది ఒక గది, హాలు కాదు.

మన పల్లెల్లో బడి ముందు ఖాళీ స్థలం ఒక్కటే ఉండేది. పగలు కబడ్డీ, రాత్రి హరికథ, మధ్యలో ఎవరిదో పెళ్లిపందిరి. జర్మనీలో ఊరూరా ఉన్న మెర్‌ట్స్వెక్‌హాలె అదే కదా! దాన్ని వాడుకునేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. ఆట హాలు నేల మీద బయటి బూట్లతో నడవనివ్వరు. నేలకు కప్పు పరవాలో లేదో ముందే కనుక్కోవాలి. దీపం వెలిగించాలంటే ముందుగా అనుమతి అడగాలి. బహిరంగ కార్యక్రమంలో సినిమా పాటలు వేస్తే గేమా సంస్థకు ముందే తెలిపి రుసుము కట్టాలి. 200 మందికి మించి పట్టే హాళ్లకు సభాస్థల నిబంధనలు వర్తిస్తాయి. కాబట్టి చుట్టాలు ఎక్కువ వచ్చారని దారిలో కుర్చీలు వేయరాదు. హౌస్‌మైస్టర్‌గారికి ఒక పళ్లెం పులిహోర ఇవ్వడం నిబంధన కాదు గాని, మర్యాద.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. మన పిల్లలు శనివారం హ్యాండ్‌బాల్ ఆడే హాలులోనే ఆదివారం ఉగాది పచ్చడి పంచితే, వాళ్లతో ఆడే పిల్లలు కూడా వచ్చి రుచి చూస్తారు. ఊరి చివర కట్టుకున్న మన భవనానికి వాళ్లు వస్తారా?

వేరే అభిప్రాయం ఉన్న సభ్యులు నిస్సంకోచంగా రాయవలసిందిగా మనవి. వచ్చే సంచికలో ప్రచురిస్తాము.