నకలు గిటారుకు ఏ విలువ కట్టాలి?

1950ల చివర, అమెరికా వాయవ్య మూలనున్న టకోమాలో, ఇళ్ళు కట్టే పనిచేసుకునే ఇద్దరు స్నేహితులు తాకట్టు కొట్టుకు వెళ్ళి చవగ్గా రెండు పాత గిటార్లు కొనుక్కున్నారు. ఒకరు డాన్ విల్సన్, ఇంకొకరు బాబ్ బోగల్. 1960లో వాళ్ళ వెంచర్స్ బృందం వాయించిన ‘వాక్, డోంట్ రన్’ అమెరికా పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. అది విని గిటారు పట్టిన కుర్రాళ్ళకు లెక్కలేదు. సర్ఫ్ రాక్ గిటార్లలో అసలు కొనాలా, నకలు చాలా అన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఆ తాకట్టు కొట్టే గుర్తొస్తుంది.

ఈ సంగీతం తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఇందులో చాలాసార్లు గాయకుడు ఉండడు, గిటారే పాడుతుంది. బావిలోకి వంగి కేకేస్తే తిరిగొచ్చే మారుమోత లాంటిది ప్రతి స్వరం వెనకా తోకలా సాగుతుంది. డిక్ డేల్ 1962లో వాయించిన ‘మిసిర్లూ’ను ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా టైటిల్స్‌లో మన కుర్రాళ్ళు కూడా వినే ఉంటారు. అది నిజానికి తూర్పు మధ్యధరా తీరపు పాత బాణీ. తండ్రి వైపు లెబనాన్ మూలాలున్న డేల్ దాన్ని ఒకే తీగ మీద ఊపిరాడని వేగంతో మీటాడు.

ఆ మోతతో ముడిపడిపోయిన గిటార్లు మూడు నాలుగే. డేల్ చేతిలో ఉన్నది స్ట్రాటోకాస్టర్. లియో ఫెండర్ కంపెనీ 1958లో జాజ్‌మాస్టర్‌ను, 1962లో జాగ్వార్‌ను తెచ్చింది. జాజ్ వాద్యకారుల కోసం తయారైన జాజ్‌మాస్టర్‌ను వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు, సముద్రపు ఒడ్డు కుర్రాళ్ళు ఎగరేసుకుపోయారు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో సెమీ మోస్లీ తన మోస్‌రైట్ గిటార్లకు 1963లో వెంచర్స్ పేరు పెట్టి అమ్మాడు. ఆ కాలపు జాజ్‌మాస్టర్ ఇవాళ కావాలంటే వేల డాలర్లు పోయాలి. ఫెండర్ సంస్థే స్క్వయర్ పేరుతో ఇండోనేషియాలో చేయించే నమూనా 500 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. నా దగ్గరున్నది కూడా అలాంటి చవక నకలే. దాన్ని ఆరేళ్ళుగా వాయిస్తున్నాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు అసలు వైపు వాదన వినాలి. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒకసారి ఒక మిత్రుడి ఇంట్లో 1960ల నాటి జాగ్వార్‌ను గంటసేపు వాయించాను. మోత సంగతి తర్వాత, ముందు మెడ. అరవై ఏళ్ళ అరచేతుల రాపిడికి దాని అంచులు పాత రోలు అంచులా నున్నగా గుండ్రబడ్డాయి. చెయ్యి ఎక్కడా తట్టుకోలేదు. తీగల బిగువు మార్చే మీట నొక్కి వదిలితే తీగలు వెళ్ళిన దారినే వెనక్కి వచ్చాయి. ఆ నునుపు ఫ్యాక్టరీలో చేసి అమ్మే సరుకు కాదు. ఇలాంటి వాద్యం చేతిలో ఉన్నవాడు అది వేరు అంటే నేను ఎదురు చెప్పను.

రెండో సంగతి ఇంకా బరువైనది. మోస్‌రైట్ ఆకారాన్ని మోస్లీ తన చేతులతో చెక్కాడు. సన్నని మెడ, లోతు తక్కువ ఫ్రెట్లు, అంచు చుట్టూ పళ్ళెంలా తిరిగే చెక్కుడు అన్నీ ఆయన ఎంపికలే. వెంచర్స్ జపాన్‌లో ప్రదర్శనలిచ్చాక అక్కడ ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి ఊరూరా పాకింది, దాంతోపాటే ఆ ఆకారం కూడా. 1960ల చివరికి మోస్లీ కంపెనీ దివాలా తీసింది. నకళ్ళే ముంచాయని నేను అనను. వెంచర్స్‌తో ఒప్పందం ముగియడం, వ్యాపారం నడిపిన తీరు ఇవన్నీ ఉన్నాయి. కానీ 1992లో చనిపోయేదాకా ఆయన మళ్ళీ మళ్ళీ కంపెనీ తెరవడానికి తంటాలు పడుతూనే ఉన్నాడు. ఆయన గీసిన గీత మీద ఎందరో సంపాదించారన్న బాధ ఎవరికైనా ఉంటే అది న్యాయమైన బాధే.

అయితే అదే కథకు ఇంకో పక్క ఉంది. మోస్‌రైట్‌ను చూసి జపాన్‌లో చేసిన నకళ్ళలో ఒకటి యూనివాక్స్ హై-ఫ్లయర్. నిర్వానా బృందపు కర్ట్ కొబేన్ దాన్నే వాయించాడు, ఆ తర్వాత నకలుకే గిరాకీ పెరిగింది. ఇప్పుడు హై-ఫ్లయర్‌కు కూడా నకళ్ళు వస్తున్నాయి. రమోన్స్ బృందంలో జానీ రమోన్ 1974లో న్యూయార్క్‌లో అసలు మోస్‌రైట్‌నే కొన్నాడు, యాభై డాలర్ల పైచిలుకు ఇచ్చి. అప్పట్లో దాన్ని అడిగేవాడు లేడు. జాగ్వార్ తయారీ 1975లో, జాజ్‌మాస్టర్‌ది 1980లో ఆగిపోయాయి. తాకట్టు కొట్లలో మూలపడ్డ వాటిని డబ్బుల్లేని కుర్రాళ్ళు కొన్నారు, న్యూయార్క్‌లో గిటారిస్టు టామ్ వెర్లేన్, ఆ తర్వాత సోనిక్ యూత్ బృందం లాంటివాళ్ళ చేతుల్లో కొత్త సంగీతం పుట్టాక మళ్ళీ ధర లేచింది. ఈ గిటార్లు రెండోసారి గొప్పవైంది అవి చవగ్గా దొరికిన కాలంలోనే. గాజు బీరువాలో ఉన్నప్పుడు వాటివల్ల ఏ బాణీ పుట్టలేదు. నకలు చేస్తున్న మేలు నా దృష్టిలో ఇదే: తాకట్టు కొట్టు చేసిన పని ఇవాళ అది చేస్తోంది.

మరి నకలు ఎక్కడ ఓడుతుంది? రంగులో కాదు. సీఫోమ్ పచ్చ, లేత నీలం, తాబేటి చిప్ప లాంటి ప్లాస్టిక్ పలక ఇవన్నీ ఎంత చవక గిటారు మీదైనా అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఓడేది తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర. జాజ్‌మాస్టర్ బ్రిడ్జి రెండు మొనదేలిన కాళ్ళ మీద నిలబడి, మీట కదిలినప్పుడు తీగలతోపాటు ముందుకూ వెనక్కూ ఊగాలి. తీగలు కట్టిన తోక దానికి చాలా వెనక ఉంటుంది కాబట్టి బ్రిడ్జి మీద తీగ వంపు తక్కువ, నొక్కుడు తక్కువ. 1958లో అందరూ వాడింది లావు తీగలు, అవి వాటి బిగువుతోనే కుదురుగా కూర్చునేవి. డిక్ డేల్ అయితే మరీ లావువి వాడేవాడు, వాటిలో అన్నిటికన్నా లావు తీగ అంగుళంలో దాదాపు నూటికి ఆరు వంతుల మందం. ఇవాళ కొట్లో కొత్త గిటారుకు కట్టి ఇచ్చేది సన్నని తీగలు. గట్టిగా మీటగానే తీగ తన గాడిలోంచి పక్కకు దూకుతుంది, సన్నగా జిర్రుమంటుంది. కొన్నవాడు గిటారే చెడ్డదనుకుంటాడు.

నాకు అదే జరిగింది. మొదటి రెండు నెలలూ మూడో తీగ దూకుతూనే ఉంది. బ్రిడ్జి మరలు అదురుకు వాటంతట అవే దిగిపోయేవి. చివరికి నిమ్మళంగా కూర్చుని కాస్త లావైన పదకొండు నంబరు తీగలు కట్టాను, మెడ విప్పి దాని గూట్లో విజిటింగ్ కార్డు ముక్క పెట్టి రవ్వంత వెనక్కి వాల్చాను, బ్రిడ్జి ఎత్తాను, మరలకు గోళ్ళరంగు చుక్క వేశాను. అరపూట పని, వందల రూపాయల ఖర్చు. అప్పుడు గాని అది జాజ్‌మాస్టర్ కాలేదు. ఇక చవక రకాల్లో చాలావాటికి మీట పక్కన ఉండాల్సిన తాళపు బొత్తం ఉండదు. ఒక తీగ తెగితే మిగతా తీగల శ్రుతి తప్పకుండా ఆపేది అదే. కొన్నిట్లో, తీగల అదురును పట్టే వెడల్పు పికప్ ఉండాల్సిన మూత కింద వేరే రకం పికప్ దాగి ఉంటుంది. పిండి కొద్దీ రొట్టె. చూపు కోసం పెట్టిన ఖర్చు లోపలి పనికి పెట్టలేదన్నదే నకలు మీద నా అసలు ఫిర్యాదు.

చెక్క గురించి చేసే రచ్చకు మాత్రం నేను అంత విలువ ఇవ్వను. పాత ఫెండర్ల వేళ్ళపట్టీకి వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారానికి కట్టడి ఉంది. స్క్వయర్ క్లాసిక్ వైబ్ రకంలో ఇప్పుడు ఇండియన్ లారెల్ అని రాసి ఉంటుంది. అది మన నల్లమద్ది జాతి చెట్టే, పాపికొండల అడవుల్లో కాండంలో నీళ్ళు దాచుకునే చెట్టు. ఆ మాట తెలిసిన రోజు గిటారు మెడ మీద వేలు ఇంకోసారి రాసి చూసుకున్నాను. గోధుమరంగు తేలి ఉంటుంది, కొంచెం గరుకు. మోతలో తేడా నా చెవికి తెలియలేదు.

నకలుకూ దొంగ సరుకుకూ మధ్య గీత మాత్రం చెరపకూడదు. బంగారు పూత వేసిన చిలకలపూడి నగను చిలకలపూడి నగ అనే అమ్ముతారు, కొన్నవాళ్ళు అలాగే పెట్టుకుంటారు, అందులో మోసం లేదు. ఒంటి ఆకారం మీద హక్కు కూడా పెద్దగా నిలవలేదు. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ ఒంటి గీతలను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయడానికి 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ విచారణ మండలి ఒప్పుకోలేదు, అవి అందరివీ అయిపోయాయని. తల మీది పేరు వేరు. పేరు మార్చి ఫెండర్ అని అంటించుకోవడం మొదట సరదాలా ఉంటుంది. పదేళ్ళకు ఆ గిటారు మూడు చేతులు మారి, ఎవరో చదువుకునే కుర్రాడు తన దాచుకున్న డబ్బంతా పోసి దాన్ని అసలనుకుని కొంటాడు. ఆ పాపం స్టిక్కరు అంటించినవాడిదే.

చవకతనంలో ఇంకో ముప్పు ఉంది. ఒకటి కొన్నాక జాగ్వార్ కూడా ఉంటే బాగుంటుందనిపిస్తుంది, తర్వాత మోస్‌రైట్ ఆకారం. చూస్తుండగానే గోడకు నాలుగు వేలాడతాయి, నాలుగూ సరిగ్గా మోగవు. ఆ డబ్బుతో ఒకదాన్ని మంచి పనివాడి చేత సరిచేయించుకుని, ఒక రివర్బ్ కొనుక్కుంటే సగం సర్ఫ్ రాక్ ఇంటికొచ్చినట్టే. ఎందుకంటే 1961లో ఫెండర్ పెట్టెలో అమ్మిన ఆ స్ప్రింగు మారుమోత లేకపోతే అసలు జాజ్‌మాస్టర్ కూడా పొడిపొడిగానే పలుకుతుంది.

నా తీర్పు నకలు వైపే. అయితే తన పేరు తాను పెట్టుకున్న నకలు, ఒక్కటే నకలు. ధరలో ఐదో వంతు తీగలకూ సవరణకూ పక్కన పెట్టుకుని కొన్నది. కొట్లో దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు రంగు తర్వాత చూడండి. ముందు శ్రుతి చేసి, మీట పదిసార్లు నొక్కి వదిలి, తీగలు మొదటి చోటికే తిరిగొచ్చాయో లేదో వినండి. రాకపోతే అక్కడే సరిచేసి ఇమ్మని అడగండి, కుదరదంటే ఇంకోటి చూపించమనండి.