ఒక్కళ్ళేనా?

మనవాళ్ళు రాసే యూరప్ యాత్రా వ్యాసాల్లో అన్నీ ఉంటాయి. ఈఫిల్ టవర్ ఉంటుంది, వెనిస్ పడవలుంటాయి, ఆవకాయ సీసా విమానంలోకి ఎలా ఎక్కిందో కూడా ఉంటుంది. హోటలు గురించి మాత్రం ఒక్క వాక్యమే. ఊరి నడిబొడ్డున మంచి హోటల్లో దిగాం అని రాసి ముందుకు వెళ్ళిపోతారు. ఆ 'దిగాం' దగ్గరే నాకు పేచీ. ఆడవాళ్ళు రాసినప్పుడు అది దాదాపు ఎప్పుడూ బహువచనమే. భర్తతోనో, కొడుకూ కోడలితోనో, టూరు బృందంతోనో దిగుతారు. 'దిగాను' అని ఏకవచనంలో రాయగల స్త్రీలు మనలో ఎందరు? ఆ ఒక్క క్రియాపదానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరికి చెల్లిస్తున్నామో ఎవరూ రాయరేం?

2023 జూలైలో దక్షిణాసియా అధ్యయనాల సదస్సులో పత్రం చదవడానికి ఇటలీలోని టురిన్ వెళ్ళాను. పోర్తా నువోవా రైల్వే స్టేషను నుంచి అయిదు నిమిషాల నడక దూరంలో ఒక చిన్న హోటలు. రాత్రి తొమ్మిదిన్నరకి చేరాను. కౌంటర్లో ఉన్నతను పాస్‌పోర్టు తీసుకుని వివరాలు కంప్యూటర్లో ఎక్కించాడు. ఊరి పన్ను ఎంతో చెప్పి, తాళం ఇచ్చి, ఉదయం టిఫిను ఎన్నింటికో చెప్పాడు. అంతే. నేను మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను. ఇంకేదో అడుగుతాడని నా ఒళ్ళు ఎదురుచూస్తోంది. ముప్ఫై నాలుగేళ్ళుగా అలవాటైన ఒళ్ళు మరి! అతను తలెత్తి, ఇంకేమైనా కావాలా అన్నట్టు చూశాడు.

ఇటలీలో హోటలు వాళ్ళు బస చేసే ప్రతి ఒక్కరి వివరాలూ పోలీసులకు పంపాలని చట్టం ఉంది. కాబట్టి అక్కడ నమోదు లేదనీ, మన దగ్గర ఉంది కాబట్టి తప్పదనీ వాదించకండి. నమోదు వేరు, విచారణ వేరు. నువ్వెవరు అన్నది నమోదు. నువ్వెవరి దానివి అన్నది విచారణ.

ఇప్పుడు చీరాల చెప్తాను.

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల మీద పనిచేసే వాళ్ళెవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ గుమ్మం తొక్కాల్సిందే. నాది స్త్రీల పత్రికల మీద పరిశోధన. 1902లో మొదలైన 'హిందూ సుందరి', 1928లో వచ్చిన 'గృహలక్ష్మి' లాంటివి. అలాంటి సంచికలతో పని ఒక పూటలో అయ్యేది కాదు. ఒక్కో పేజీ విప్పదీసి, చిరగకుండా తిప్పి, చేత్తో రాసుకోవాలి. వారం రోజులు ఉందామని చీరాలలో బస్టాండుకి దగ్గర్లో ఉన్న ఒక లాడ్జీకి వెళ్ళాను. పేరు రాయను. ఆ పేరు తీసేసి ఇంకో పది లాడ్జీల పేర్లు పెట్టినా కథ మారదు.

"ఒక్కళ్ళేనా?" అన్నాడు మేనేజరు.

"ఒక్కదాన్నే."

"మగోళ్ళెవరూ రాలేదా అమ్మా?"

లైబ్రరీలో పనుందని చెప్పాను. యూనివర్సిటీ కార్డు చూపించాను. ఆధార్ ఇచ్చాను. అందులో ఊరు పర్చూరు పక్కన అని చూసి, "లోకల్ వాళ్ళకి రూము ఇవ్వమండి" అన్నాడు. అదే కౌంటరు దగ్గర నాకంటే ముందు నిలబడినాయన చిలకలూరిపేట పత్తి వ్యాపారి. ఆయనా లోకలే. నోట్లో పుల్ల తీయకుండానే తాళం పుచ్చుకుని పైకి వెళ్ళాడు. నేను కదలకపోయేసరికి మేనేజరు ఒక మార్గం చూపించాడు. "మీ నాన్నగారి నంబరియ్యండి, ఒకమాట మాట్టాడతాను." డాక్టరేటు ఉంది, ఉద్యోగం ఉంది, పర్సులో డబ్బులున్నాయి. గది మాత్రం మా నాన్న గొంతు వింటేనే వస్తుంది. మా నాన్న పొలంలో ఉండి ఫోనెత్తి, "మా అమ్మాయే బాబూ, ఇవ్వండి" అన్నాడు. గది వచ్చింది. నా డబ్బుతో, మా నాన్న పరువుతో. రెండో రోజు నుంచీ కారిడార్లో గదుల కుర్రాడు నన్ను "ఫలానా రైతు గారి అమ్మాయి" అని పిలవడం మొదలుపెట్టాడు. కుర్రాడు చాలా మర్యాదస్తుడు. అదే బాధ!

మా నాన్న మిర్చి వేస్తాడు. ఏటా కాయ అమ్మేటప్పుడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల మీదే తల వాల్చి నిద్రపోతాడు. ఏ రాత్రీ ఎవరూ ఆయన్ని "ఒక్కళ్ళేనా? ఇంట్లో ఆడవాళ్ళ నంబరియ్యండి" అని అడిగిన పాపాన పోలేదు.

దీన్ని చిన్న విషయమంటారు కొందరు. తెలిసినవాళ్ళింట్లో ఉండకూడదా అంటారు. ఉండొచ్చు. ఉండి చూశాను కూడా. తెలిసినవాళ్ళింట్లో దిగిన పరిశోధకురాలు పొద్దున కాఫీ గిన్నెలు కడగాలి, సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి చేరాలి, రాత్రి నోట్సు రాసుకోబోతే పెళ్ళి సంబంధాల గురించి వినాలి. లేదా ప్రొద్దున బస్సుకెళ్ళి సాయంత్రం బస్సుకి తిరిగి రావాలి. తెలుగు సాహిత్య చరిత్ర ఎవరు రాశారు, ఎందుకు అలా రాశారు అని మనం సెమినార్లు పెట్టుకుంటున్నాం కదా! భావజాలాల గురించి చాలా మాట్లాడుకున్నాం. ఊరూరా తిరిగి, సత్రాల్లోనూ లాడ్జీల్లోనూ పడుకుని, తాళపత్రాలూ పాత పత్రికలూ వెతికే వీలు ఎవరికుందో కూడా కాస్త మాట్లాడుకుందాం. సాయంత్రం బస్సుకి ముగిసిపోయే పరిశోధనలో ఏ సంచికలు చూడకుండా మిగిలిపోతాయో లెక్క తీద్దాం.

వర్జీనియా వుల్ఫ్ 1929లో తనదంటూ ఒక గది కావాలంది. ఆ మాటని మనం అరిగిపోయేదాకా వాడాం. కానీ మనం వాడిన అర్థంలో ఆ గది ఎప్పుడూ మన ఇంట్లోదే. మనది కాని ఊళ్ళో, మన వాళ్ళెవరూ లేని చోట, అద్దె కట్టి తీసుకునే గది సంగతి ఏమిటి? తెలుగునాట ఆడవాళ్ళకి ఇంటి బయట బస ఎప్పుడూ ఆశ్రయం రూపంలోనే దొరికింది. 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. వాళ్ళు చేసిన పని ముందు తలవంచాల్సిందే. ఆ రోజుల్లో ఎందరు స్త్రీలకి అది బతుకునిచ్చిందో! కానీ నూరేళ్ళు దాటాక కూడా మనకి చూపించేవి హాస్టలూ, వార్డెనూ, గేటు మూసే టైమే అయితే ఎలా? ఆశ్రయం వేరు, గది వేరు. ఆశ్రయం ఇచ్చినవాళ్ళకి మనం జవాబుదారీ. గదికి అద్దె బాకీ మాత్రమే ఉంటాం.

లాడ్జీ వాళ్ళ వాదన కూడా విన్నాను. ఆడది ఒంటరిగా వస్తే రెండే కారణాలట, చావడానికో చెడడానికో. ఈ రెండూ కాక మూడో పని, అంటే పరీక్ష రాయడం, కోర్టు వాయిదా, లైబ్రరీ, ఆస్పత్రిలో అమ్మ, లేదా ఏ పనీ లేకుండా ఊరికే సముద్రం చూడ్డం, ఆడదానికి ఉండదన్నమాట. రెండో కారణం సంగతి చెప్పాలంటే, ఆ వ్యాపారానికి గిరాకీ మగవాళ్ళే కదా, గది వాళ్ళకి మానేశారా? మొదటిదానికీ జవాబుంది. టురిన్‌లో నేను దిగిన చోటికి దగ్గర్లోనే హోటల్ రోమా ఉంది. ప్రఖ్యాత రచయిత చేసరే పవేసే 1950 ఆగస్టు 27న ఆ హోటలు గదిలోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ఒంటరి మగవాళ్ళకి, ముఖ్యంగా నవలాకారులకి, గదులివ్వమని ఆ ఊళ్ళో ఎవరూ బోర్డు పెట్టలేదు. మన ఊళ్ళలోనూ అప్పులపాలైన రైతులు లాడ్జీ గదుల్లో ప్రాణాలు తీసుకున్న వార్తలు వస్తూనే ఉన్నాయి. రైతుల్ని వెనక్కి పంపుతున్నారా?

ఇదంతా విని, యూరప్ అంటే స్వర్గం అంటున్నావా అని అడిగేవాళ్ళు ఉంటారు. అనను. ఆ గది దాకా వెళ్ళడానికి హైదరాబాదులో షెంగెన్ వీసా వరసలో నిలబడ్డాను. 30,000 యూరోల బీమా, బ్యాంకు ఖాతా, సెలవు ఉత్తరం, పెళ్ళయిందా లేదా అన్న గడి. తిరిగి వస్తావన్న నమ్మకం ఏమిటని నల్ల చర్మాన్ని అడిగే ప్రశ్నలు అవి. 'ఒక్కళ్ళేనా'కి అది అన్నగారు. ఆ హోటల్లో నా మంచం సర్దినామె పెరూ నుంచి వచ్చింది. ఊరి నడిబొడ్డున పనిచేస్తుంది కానీ ఊరి చివర ఉంటుంది. 2023 నవంబరులో ఇటలీలో ఇరవై రెండేళ్ళ విద్యార్థినిని మాజీ ప్రియుడు చంపితే దేశమంతా ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. అక్కడి మగవాళ్ళు పుట్టుకతో మంచివాళ్ళేం కాదు. పరువు కోసం చేసిన హత్యకి శిక్ష తగ్గించే సెక్షను, బలాత్కారం చేసినవాడు ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకుంటే నేరం మాసిపోయే సెక్షను, రెండూ ఇటలీ శిక్షాస్మృతిలో 1981 దాకా ఉన్నాయి. సిసిలీలో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయి 1966లో ఆ పెళ్ళి చేసుకోనని కోర్టుకెక్కి నిలబడింది. అలా నిలబడ్డ ఆడవాళ్ళు సంపాదించి పెట్టిన మామూలుతనం ఆ కౌంటరు దగ్గర నాకు దొరికింది. కనుక ఇది వాళ్ళ సంస్కృతీ, మన సంస్కృతీ అన్న తగువు కాదు.

ఇంకో విమర్శ నాకు బాగా దగ్గర్నించే వచ్చింది. ఇది చదువుకున్న ఆడవాళ్ళ గొడవ, కూలి ఆడవాళ్ళకి లాడ్జీ ఎక్కడిది అని. సరే, వాళ్ళ దగ్గరికే వెళ్దాం. మిర్చి కోతలకీ పత్తి తీతలకీ కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, ఏటా కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు, ప్రకాశం పొలాలకి వస్తాయి. సుగ్గికి పోవడం అంటారు. మేస్త్రి మాట్లాడుకొస్తాడు. చేను గట్టు మీదో, రోడ్డు పక్కనో నాలుగు కర్రలు పాతి పైన పట్టా కప్పితే అదే ఇల్లు. తలుపుండదు, దొడ్డి ఉండదు, దీపం ఉండదు. పదహారేళ్ళ పిల్లలూ, బాలింతలూ, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళూ అక్కడే నెలల తరబడి రాత్రుళ్ళు గడుపుతారు. ఒక్కళ్ళేనా, భద్రంగా ఉన్నారా అని ఏ పెద్దమనిషీ అడగడు. నాలుగు గోడలూ లోపలి గడియా ఉన్న గదిలో నా భద్రత గురించి అంత బెంగపడిన సమాజం, పట్టా కింద పడుకున్న వాళ్ళ గురించి ఎందుకు బెంగపడదు? వాళ్ళు కాయ కొయ్యడానికి వచ్చారు కాబట్టి. వాళ్ళ రాత్రి మేస్త్రి లెక్కలో ఉంది కాబట్టి. నా రాత్రి ఎవరి లెక్కలోనూ లేదు. భద్రత పేరుతో అడిగేది అసలు భద్రత గురించే కాదని ఇంతకంటే రుజువు కావాలా? నా గదీ, వాళ్ళ గుడిసెకి తలుపూ ఒకే తగువులో రెండు చివరలు. వలస కూలీలకి బస కల్పించే బాధ్యత ఎవరిదని అడుగుతూనే నా తాళం కూడా అడుగుతాను. ఒకదాని కోసం ఇంకోటి వాయిదా వెయ్యను.

ఇక చట్టం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రాకుండా అడ్డుకోకూడదని ఉంది. హోటలు అన్న మాట పేరుపెట్టి ఉంది. ఆ నిషేధం ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు యజమానికీ వర్తిస్తుంది. ఆ మాట అక్కడ ఎందుకుందో అంబేడ్కర్ జీవితం తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. విదేశాల్లో చదివి 1917లో బరోడా ఉద్యోగానికి వచ్చిన ఆయన గది దొరక్క పార్సీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకున్నాడు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. 'ఎవరి దానివి' అన్న ప్రశ్న కులానిదే ముందు, ఆడవాళ్ళకి తర్వాత వచ్చి చేరింది. మా నాన్న పేరు విని చీరాల మేనేజరు మెత్తబడ్డాడు. ఆ పేరు వెనక ఏ ఇంటిపేరు విన్నాడో, అదే మాదిగపల్లె ఇంటిపేరైతే ఏం జరిగేదో కూడా నేను ఆలోచించాలి. కారంచేడు అక్కడికి ఎంతో దూరం లేదు.

2017 జూన్‌లో సింగపూర్ నుంచి ఒక కళాకారిణి హైదరాబాదు వచ్చి, ముందే బుక్ చేసుకున్న హోటల్లో ఒంటరి స్త్రీ అన్న కారణంతో గది దొరక్క రోడ్డు మీద నిలబడి ఆ సంగతి బయటపెట్టింది. నాలుగు రోజులు పత్రికలు రాశాయి. పెళ్ళికాని జంట హోటల్లో ఉండటం నేరమని ఏ చట్టమూ చెప్పడం లేదని మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులో స్పష్టంగా అంది. అయినా 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్‌లో జంటల్ని సంబంధం రుజువు అడిగే నియమం తెచ్చింది. కోర్టు చెప్పింది ఒకటి, కౌంటరు చేసేది ఇంకొకటి.

గుంటూరులో లాడ్జి సెంటరని ఒక కూడలి ఉంది. అక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది. గుంటూరులో ఏ ధర్నా అయినా, ఏ ఊరేగింపైనా అక్కడికి రావాల్సిందే. తొడిమలు తీసే మిర్చి కూలీ ఆడవాళ్ళతో మాట్లాడి రికార్డు చేసుకోవడానికి ఈ మార్చిలో గుంటూరు వెళ్ళినప్పుడు రెండు లాడ్జీలు గది లేదన్నాయి. మూడో చోట ఒక్క మాట అన్నాను. "ఇవ్వనని, ఎందుకివ్వరో ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వండి." మేనేజరు యజమానికి ఫోను చేశాడు. అయిదు నిమిషాల తర్వాత తాళం వచ్చింది. నాన్న నంబరు అడగలేదు. గది రోడ్డు వైపుది, హారన్ల గోలకి నిద్ర పట్టలేదు. అయినా ఊరి నడిమధ్య గది కావాలనే నేను అడుగుతాను. రాత్రి తొమ్మిదికి దీపాలున్న రోడ్డూ, ఇడ్లీ బండీ, మనుషుల అలికిడీ అక్కడే ఉంటాయి. ఊరి బయట రిసార్టులు మాకు సలహా ఇవ్వకండి.

అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. ఊరు, తేదీ, అడిగిన ప్రశ్న, చెప్పిన కారణం. ఇప్పటికి చీరాల, గుంటూరు రాశాను. ఒంగోలు, అద్దంకి, నరసరావుపేట, మార్కాపురం ఖాళీగా ఉన్నాయి. అటు వెళ్ళినవాళ్ళు, మిమ్మల్ని ఏమడిగారో అడిగిన మాటల్లోనే రాసి ఈ పత్రిక చిరునామాకి పంపండి. కాయితం మీద రాసివ్వమని అడిగితే ఏమన్నారో కూడా రాయండి.