వలిసె పువ్వుకు టిక్కెట్టు... గింజకు దిక్కెవరు?

అరకులోయ: శీతకాలం మొదలైతే చాలు, విశాఖపట్నం నుంచి ఘాట్‌రోడ్డెక్కిన వాహనాలు అరకు చేరకముందే దారిలో ఆగిపోతున్నాయి. రహదారి పక్కన పసుపు దుప్పటి పరచినట్లు విరబూసిన వలిసె పూలే ఇందుకు కారణం. చేలో నిలబడి ఫొటో దిగనిదే అరకు యాత్ర పూర్తయినట్లు పర్యాటకులు భావించడం లేదు. గిరిజన రైతులు సైతం చేనుకు కంచె కట్టి, వెదురుతో దారి పెట్టి, తలకు పదో ఇరవయ్యో వసూలు చేయడం మొదలుపెట్టారు. పంట చేను ఫొటో స్టూడియోగా మారిన ఈ పరిణామం మన్యం రైతుకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అన్నది ఆలోచించవలసిన విషయం.

పువ్వు వెనుక పంట

మైదాన ప్రాంతాల్లో వెర్రి నువ్వులుగా పిలిచే వలిసెలు నూనెగింజల పంట. ఎరువు, నీటి తడి ఆశించకుండా కొండవాలు మెట్ట భూముల్లో పండుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విత్తితే నవంబరు నాటికి పూతకు వస్తుంది. గిరిజన కుటుంబాలు ఈ నూనెను వంటకు వాడుకుంటాయి. నూనె తీయగా మిగిలిన చెక్క పశువుల మేతకు పనికొస్తుంది. పూత కాలంలో తేనెటీగల పెంపకందారులు పెట్టెలు తెచ్చి చేల పక్కన ఉంచుతారు.

తేనెటీగకు, ఈ పంటకు ఉన్న సంబంధం తేనెతో ముగియదు. వలిసె మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టలేదు. ఒక మొక్క పుప్పొడిని తేనెటీగలు మరో మొక్కకు చేర్చితేనే గింజ నిండుతుంది. సరిగ్గా ఆ పూత రోజుల్లోనే సందర్శకులు చేలో దిగుతున్నారు. కాలి కింద నలిగిన మొక్క ఎలాగూ దక్కదు. పర్యాటకుడికి పువ్వుతో పని ముగుస్తుంది. రైతుకు అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

లెక్క చూస్తే...

కేంద్ర ప్రభుత్వం 2025-26 ఖరీఫ్‌కు వలిసెల కనీస మద్దతు ధరను క్వింటాలుకు రూ.9,537గా ప్రకటించింది. తలకు రూ.20 చొప్పున వసూలు చేసే రైతుకు 477 మంది సందర్శకులు వస్తే క్వింటాలు గింజల విలువ చేతికొస్తుంది. ఎకరాకు ఒకటి రెండు క్వింటాళ్లకు మించి పండని ఈ పంటకు ఇది చిన్న ఆదాయం కాదు. నూర్పిడి శ్రమ లేదు, దళారీ బెడద లేదు, డబ్బు అక్కడికక్కడే ముడుతుంది. రుసుము వసూలు చేస్తున్న రైతును తప్పుపట్టేవారు ముందుగా ఈ లెక్కను గమనించాలి. అడగకుండా చేను తొక్కిన కాలంలో అతనికి నష్టమే తప్ప పరిహారం లేదు.

అయితే ఈ భాగ్యం రోడ్డు పక్క చేలకే పరిమితం. రెండు కొండల అవతల ఉన్న గూడెంలో పూసిన వలిసె పువ్వు కూడా అంతే పసుపు. అక్కడికి కారు వెళ్లదు కాబట్టి రూపాయి రాలదు. పైగా బంగారు తీగ అనే పరాన్నజీవి కలుపు ఈ పంటను పీల్చేస్తోంది. లోపలి గూడేల్లో రైతు వలిసెలు మానుకుంటే, చివరకు రోడ్డు వెంబడి నాలుగు చేలు మాత్రమే బొమ్మల్లా మిగిలే ప్రమాదముంది.

మనుషులూ దృశ్యమేనా?

సినిమా చిత్రీకరణలతో అరకు అందాలు దశాబ్దాల క్రితమే లోకానికి తెలిశాయి. 2017లో విశాఖపట్నం నుంచి అద్దాల రైలుపెట్టె వచ్చింది. చేతి ఫోనులో కెమెరా వచ్చాక ప్రతి సందర్శకుడూ ప్రచారకుడయ్యాడు. పాడేరు సమీపంలోని వంజంగి కొండపై తెలిమంచు మేఘాల దృశ్యం ఇలాగే చేతులు మారి జనాన్ని రప్పించింది. జనంతో పాటు ప్లాస్టిక్ చెత్త కూడా కొండెక్కింది.

ఈ మోజు పూలతో, మేఘాలతో ఆగడం లేదు. గిరిజన మహిళల చీరకట్టు, నగలు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగడం వ్యాపారమైంది. అందులో స్థానికులకు ఉపాధి ఉన్నమాట నిజమే. కానీ సంతకు వచ్చిన వృద్ధురాలి ముఖంపై అనుమతి లేకుండా కెమెరా పెట్టడం ఉపాధి కాదు, అవమానం. అండమాన్ దీవుల్లో జరావా తెగవారిని పర్యాటకుల కోసం ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశం తలదించుకోవలసి వచ్చింది. అక్కడ వారిని ఫొటో తీయడం చట్టరీత్యా నేరం. మన్యం పరిస్థితి వేరైనా, అడిగి తీయాలన్న మర్యాద ఎక్కడైనా ఒకటే.

తెర కట్టే దాకా వద్దు

జపాన్‌లోని ఫుజికావాగుచికో పట్టణంలో ఫుజి పర్వతం ఫొటో కోసం జనం రోడ్లపై ఎగబడటంతో, 2024 మే నెలలో అధికారులు ఆ దృశ్యానికే నల్లని తెర అడ్డు కట్టారు. ఆగస్టులో దానిని తొలగించారు. అరకులో ఆ స్థితి రాకముందే కట్టుబాట్లు కావాలి.

అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది. రుసుము ఎంత, చేలో ఎంత మేర నడవాలి, వసూలైన దానిలో ఊరి ఉమ్మడి నిధికి ఎంత అన్నది గ్రామసభే తీర్మానించవచ్చు. విత్తేటప్పుడే నడకదారి వదిలితే మొక్కలు నలగవు. ఫొటోల కోసం చేలను బయటివారు కౌలుకు పట్టాలనుకుంటే 1/70 చట్టం అడ్డుంది. దాని అమలుపై అధికారులు కన్నేసి ఉంచాలి. బంగారు తీగ లేని శుభ్రమైన విత్తనాన్ని, మద్దతు ధరకు కొనుగోలును లోపలి గూడేలకూ అందిస్తే గింజ కోసం పంట నిలుస్తుంది.

గింజ కోసం విత్తిన చేనుకే పువ్వు అందం. మన్యం రైతు వలిసెలు విత్తడం మానిన నాడు పర్యాటకుడి కెమెరాకూ అక్కడ పని ఉండదు. ఈ సంగతిని పర్యాటక శాఖ ఎంత త్వరగా గుర్తిస్తే అంత మంచిది.