కణ చికిత్సకు కఠిన పరీక్ష ఏల?

మొదటి రకపు మధుమేహము తీపి తినుటవలన వచ్చునది కాదు. తల్లిదండ్రుల అజాగ్రత్తవలన వచ్చునదియు కాదు. శరీరమును కాపాడవలసిన టి కణములే క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు బీటా కణములను నాశనము చేయుటచే ఇది కలుగుచున్నది. కంచె చేను మేసినట్టి వ్యవహారము. 1922 జనవరిలో టొరాంటో నగరమున 14 ఏండ్ల బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చువరకు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు ఎక్కువ కాలము బ్రతుకుట అరుదు. నేటికిని వారికి ఇన్సులినే ప్రాణాధారము.

దారి తప్పిన కణములను అదుపులో నుంచు నియంత్రక టి కణములు కూడ శరీరమునందే కలవు. వీనిని 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకాగుచి గుర్తించెను. 2025లో ఆయనకును, అమెరికా శాస్త్రజ్ఞులైన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గారలకును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. రోగి రక్తమునుండి ఈ కణములను వేరుచేసి, ప్రయోగశాలలో అనేక రెట్లు పెంచి, తిరిగి ఆ రోగికే ఎక్కించుట నూతన చికిత్సా విధానము. అమెరికాలో 14 మంది పెద్దలకు ఇట్లు చేయగా చికిత్సవలన తీవ్రమైన హాని కలుగలేదనియు, కొందరిలో స్వంత ఇన్సులిన్ ఉత్పత్తి రెండేండ్లకు పైగా నిలిచినదనియు 2015లో ప్రకటింపబడెను.

ఆశ కలుగుట సహజమే. అయితే ఈ వ్యాధికి ఒక మాయ కలదు. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకు, మిగిలియున్న బీటా కణములు కొంత తేరుకొని, పలువురు పిల్లలకు మందు మోతాదు దానంతట అదియే తగ్గును. కొన్ని నెలలకు మరల పెరుగును. ఆ నడుమ ఏ చికిత్స చేసినను, గుణము దానివలననే కలిగినదని తోచును. కావుననే చికిత్స పొందినవారిని పొందనివారితో పోల్చి చూడవలెను.

8 నుండి 17 ఏండ్ల వయస్సుగల 110 మంది పిల్లలతో అమెరికాలో జరిగిన పరీక్షలో అట్లే చేసిరి. కొందరికి కణములు, కొందరికి మందులేని ద్రావణము ఎక్కించిరి. ఎవరికేది ఇచ్చినదియు ముందుగా తెలియనీయలేదు. ఒక సంవత్సరము తరువాత చూడగా కణములు హాని చేయలేదు. కాని ఇన్సులిన్ ఉత్పత్తిని నిలుపను లేదు. ఈ ఫలితము 2024లో వెలువడెను. మందులేని ద్రావణము ఇచ్చుట పిల్లలను మోసగించుట యని ఆక్షేపించువారు కలరు. ఆ పిల్లలకు ఇన్సులిన్ ఎన్నడును ఆపలేదు. వారు లేనిచో పనిచేయని చికిత్స పనిచేయుచున్నదని లోకము నమ్మియుండెడిది. ఇకమీదట క్లోమమునకే సూటిగా పోవునట్లు కణములను మార్చి పరీక్షింపవలెనని శాస్త్రజ్ఞుల యత్నము.

మన దేశమున మూలకణములతో చక్కెర వ్యాధిని కుదుర్తుమను ప్రకటనలు కనబడుచున్నవి. నియంత్రక టి కణములు వేరు, మూలకణములు వేరు; ప్రకటనకర్తలకు ఈ భేదముతో పనిలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శక సూత్రముల ప్రకారము మధుమేహమునకు మూలకణములు వాడుట పరిశోధనగా మాత్రమే జరుగవలెను. రోగి వద్ద సొమ్ము తీసికొనరాదు. బిడ్డకొరకు పొలమమ్మి ఆ సొమ్ము కట్టబోవు తండ్రి, ముందుగా ఆ పరీక్షకు జాతీయ నమోదు సంఖ్య కలదా, నీతి సంఘపు అనుమతి కలదా యని అడుగవలెను. ఇన్సులిన్ మానుమన్నచో ఇక అడుగవలసినది లేదు. బిడ్డతో వెంటనే బయటికి రావలెను. ఇన్సులిన్ ఆగిన కొలది రోజులలోనే, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే, రక్తములో ఆమ్లములు పేరుకొని ప్రాణాపాయము కలుగును.